అందాజ

ముహర్రక్‌ల మా బిల్డింగుకు ఒక్కటే వంటర్ర.
తొమ్మిది మందిమి, మూడు పొయ్యిలు.
గోడకు అతికిచ్చిన కాగితం మీద నా పేరు ముంగట
రాత్రి ఎనిమిదీ పది నుంచి ఎనిమిదీ నలభై దాక.
పొద్దంత లిఫ్టు గుంతల నిలబడ్డ కాళ్లు
ఆ అర్ధగంటను గూడ కూసునుడుకే అడుగుతయి.

అందుకే ఏడేండ్ల సంది
కుబ్బూస్, కోలా, డబ్బల చేపలు,
ఎప్పుడన్న బుద్ధి పుడితె రెండు పరోటాలు.
మొన్న మెడికల్‌ల రక్తం ఇస్తె
డాక్టరమ్మ ఒక అంకె చుట్టు పెన్నుతోటి సున్న చుట్టింది.
ఏమనలే.
అదే సున్న మీద ఇంకోపారి చుట్టింది.

సిత్రాల ఉండే పోశెట్టి కాకకు ఫోన్ గొట్టిన.
"కాకా, పప్పు ఎట్ల వండాలె?"
"కడుగు, నీళ్లు పొయ్యి, ఉడకవెట్టు."
"నీళ్లు ఎన్ని?"
"అందాజ."
"ఉప్పు?"
"అందాజ."
"ఎంత సేపు?"
అవుతలికెల్లి నవ్వు వచ్చింది.

నేను లిఫ్టులు బిగించేటోన్ని.
తలుపుకు గడపకు నడుమ సందు ఆరు మిల్లీమీటర్లంటె ఆరే,
ఏడైతె ఇంజినీరు సంతకం పెట్టడు.
మా పనిల అందాజ అంటె
ఎవడో ఒకడు కిందికి పోవుడు.

మొదటి దినం పప్పు రాయి లెక్కనే ఉన్నది, నమిలిన.
రెండో దినం నిద్రవట్టింది, నిలబడే.
గిన్నె అడుగు నల్లవడి అలారం మొత్తుకుంటుంటె
నర్సింలు తువ్వాలతోటి పొగను విసురుకుంట
"విమానం ఇండ్ల దిగిందనుకున్న" అన్నడు.
ఇక్కడ నిమిషానికొకటి నెత్తి మీదికెల్లే పోతది మరి.

మూల మీది బకాలాల మొఫిజుల్
నీళ్లు జల్లిన ఆకుకూర కట్టను చేతుల వెట్టి
"పాలోంగ్" అన్నడు. నేను "పాలకూర" అన్న.
వెనుక నిలబడ్డ ముసలాయన "సబానిఖ్" అన్నడు.
ముగ్గురిదీ ఒకటే కట్ట, రెండు వందల ఫిల్సులు.

శుక్రవారం కాక మళ్ల చెప్పిండు:
"అన్నానికి లెక్కున్నది రా, మా అవ్వ లెక్క.
బియ్యం మీద నడిమి వేలు ఆనియ్యి,
మొదటి గణుపు దాక నీళ్లు. తప్పేదే లేదు."

ఆనిచ్చిన.
నా నడిమి వేలుకు మొదటి గణుపు లేదు.
జుఫేర్‌ల పదమూడో అంతస్తు తలుపు తిన్నది,
నాలుగేండ్ల కింద.
కాకకు యాది లేదు. నీళ్లల్ల ముంచేదాక
నాకూ యాది లేదు.

గిన్నె ముంగట ఒక్కన్నే నవ్విన.
పక్క వేలు ముంచి చూసిన,
అది జెర పొట్టిది, దాని లెక్క దానిది.
ఇంకింత పోసిన. మళ్ల కొంచెం ఒంపిన.
ఆ కొంచెం ఎంతో నన్ను అడుగకుండ్రి.

అన్నం మెత్తగైంది, ముద్ద కాలే.
పాలకూర పప్పుల రెండు ఎల్లిపాయలు, ఒక టమాట,
చెంచెడు నూనె, చింతపండు లేదు, నిమ్మకాయ పిండిన.
నిలబడే తిన్న. రెండోపారి పెట్టుకున్న.
గడియారంల ఎనిమిదీ ముప్ఫై ఎనిమిది.

నా తర్వాత వంతు ఓబులేసుది.
కడప దిక్కు పిల్లగాడు, వచ్చి మూడు నెలలు,
చంకల నూడుల్స్ పొట్లం.
గిన్నె తోముతున్న నా పక్కకొచ్చి, అడుగుకంటిన మెతుకులు జూసి
"అన్నా, నీళ్లు ఎన్ని పోస్తివి?" అన్నడు.

నాలిక మీదికి వచ్చిన మాటను అక్కడనే ఆపి
కుళాయి బంద్ జేసిన.
"ఏదీ, ముందుగాల
నీ వేళ్లు సూపియ్యి."